మెడను కాపాడిన కీర్తన



ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం ‘ఋణములు’ అంటాం. మత్తయి 6వ అధ్యాయంలో ఉన్న గ్రీకు మాటకు కూడా అప్పులు అనే అర్థం. పట్నంలో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లినవాళ్లు అదే చోట ‘ట్రెస్‌పాసెస్’ అనడం విని ఉంటారు. రైలు పట్టాల పక్కన బోర్డు మీద కనబడే మాట ప్రార్థనలోకి ఎందుకు వచ్చిందా అని ఆశ్చర్యపోయి కూడా ఉంటారు. 1526లో విలియం టిండేల్ కొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చు వేయించినప్పుడు ఈ చోట ఆ మాటే వాడాడు. తరువాత ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకం దాన్ని అలాగే నిలబెట్టింది. ఆ కాలంలో ‘ట్రెస్‌పాస్’ అంటే పక్కవాడి స్థలంలో కాలు పెట్టడం ఒక్కటే కాదు. ఒకడు ఇంకొకడికి చేసిన అన్యాయాలు చాలావరకు కోర్టులో ఆ పేరు మీదే నడిచేవి.

ఇంకా వెనక్కి, సుమారు 1000 ఏళ్ల కిందటి ఇంగ్లీషుకు వెళ్తే అదే ప్రార్థనలో అదే చోట ఇంకొక మాట ఉంది. ‘గ్యుల్ట్’. చేసిన అపరాధం అని దాని భావం. ఈ రోజు జడ్జిగారి ముందు వినబడే ‘గిల్టీ’ ఆ మాట కడుపున పుట్టిందే. అంటే కోర్టు బోనులోకి రాకముందు అది మోకాళ్ల మీద ఉన్న మాట.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య సంఘంలో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఆటో నడుపుకునే తమ్ముడు ఒకడు రోడ్డు ప్రమాదం కేసులో ఉన్నాడు. “అయ్యగారూ, జడ్జిగారు అడిగితే నాట్ గిల్టీ అనమని లాయరుగారు చెప్పారు. నా బండి తగిలిన మాట నిజమే కదా, మరి అది అబద్ధం కాదా?” అన్నాడు. రెండోది ఒక పెద్దాయన అడిగింది. కేసులో ఏ-3గా పేరున్న మనిషికి ప్రభువు బల్ల ఇవ్వవచ్చా అని. ఇద్దరూ భక్తితోనే అడిగారు. అయితే ఇద్దరి చిక్కూ మాటల దగ్గరే ఉంది. అక్యూజ్డ్, గిల్టీ, కన్విక్టెడ్, అక్విటెడ్ అని కాగితంలో ఏది ఉన్నా మన ఊళ్లలో చెప్పుకునే అర్థం ఒక్కటే: తప్పు చేశాడు. చివరిదానికి మాత్రం “తప్పు చేసి తప్పించుకున్నాడు” అంటారు.

ఈ మాటలు ఇంగ్లీషువాళ్లకే ఒకప్పుడు అర్థం కాలేదంటే నమ్ముతారా?

1066లో నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును గెలిచాడు. కొత్త దొరలు మాట్లాడింది ఫ్రెంచి. కొంతకాలానికి కోర్టుల్లో వాదనలు ఫ్రెంచిలో, రికార్డులు లాటిన్‌లో నడవడం మొదలైంది. పొలం దున్నేవాడి నోట దొంగ, దొంగతనం, సాక్షి, ఒట్టు, ఉరి అనే పాత ఇంగ్లీషు మాటలు అలాగే మిగిలాయి. న్యాయపీఠం మీదకు మాత్రం ఫ్రెంచి మాటలు ఎక్కి కూర్చున్నాయి: జడ్జి, జ్యూరీ, క్రైమ్, ఫెలొనీ, ఫాల్ట్, ఇన్నోసెంట్, పార్డన్. తీర్పు అనే అర్థంలో వాడే ‘వర్డిక్ట్’ అంటే ఆ ఫ్రెంచిలో ‘నిజంగా చెప్పినది’. ‘అక్విట్’ అంటే అప్పు తీర్చి, లెక్క కొట్టివేయడం. ప్రార్థనలో ఉన్న ఋణం మళ్లీ ఇక్కడ కనబడుతోంది, చూశారా!

వీటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ‘బ్లేమ్’. నింద వేయడం. ఆ మాట పాత ఫ్రెంచి గుండా, లాటిన్ గుండా వెనక్కి వెళ్లి గ్రీకులో ఆగుతుంది. అక్కడ దాని తల్లి ఏదంటే ‘బ్లాస్ఫెమీ’కి తల్లి అయిన మాటే. దేవదూషణ, తోటి మనిషి మీద నింద, రెండూ ఒకే వేరునుండి మొలిచాయి. యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో ఒకే నాలుకతో తండ్రిని స్తుతించి, ఆయన పోలికలో పుట్టిన మనుష్యుని శపించడం గురించి రాసినప్పుడు కూడా ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు.

1362లో మూడవ ఎడ్వర్డు రాజు ఒక చట్టం చేశాడు. తమ మీద ఏం మాట్లాడుతున్నారో ప్రజలకు తెలియడం లేదు కాబట్టి ఇకమీదట కోర్టులో వాదన ఇంగ్లీషులో జరగాలి, రికార్డు మాత్రం లాటిన్‌లో ఉండాలి అని. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలోనే! అలవాటు అంత తొందరగా పోలేదు. వకీళ్లు ఇంకా కొన్ని వందల ఏళ్లు విరిగిన ఫ్రెంచిలో నోట్సు రాసుకుంటూనే ఉన్నారు. కోర్టు కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాలన్న చట్టం చివరికి 1733లో అమలుకు వచ్చింది. మనం ఇంగ్లీషు కోర్టు భాష రాదని సిగ్గుపడతాం గానీ, ఇంగ్లీషు రైతు తన మీద ఉన్న నేరం తన భాషలో చదువుకోవడానికి 600 ఏళ్లకు పైగా పట్టింది.

ఆ విరిగిన ఫ్రెంచి నుండే ‘కల్‌ప్రిట్’ అనే మాట పుట్టింది. కథ ఇది. ఖైదీని బోనులో నిలబెట్టి గుమాస్తా నేరం చదివి, గిల్టీనా కాదా అని అడిగేవాడు. ఖైదీ “నాట్ గిల్టీ” అనగానే గుమాస్తా ఫ్రెంచిలో జవాబు చెప్పాలి: ‘కల్పబుల్, ప్రిస్ట్’. దోషివే, రుజువు చేయడానికి మేము సిద్ధం అని దాని అర్థం. రికార్డులో దీన్ని కుదించి ‘కల్ ప్రిట్’ అని రాసుకునేవాళ్లు. ఫ్రెంచి మరుగున పడ్డాక వచ్చిన గుమాస్తాలకు అదేమిటో తెలియలేదు. ఖైదీని పిలిచే పిలుపు అనుకుని “కల్‌ప్రిట్, నీ విచారణ ఎలా జరగాలి?” అని అడగడం మొదలుపెట్టారు. ఖైదీ “దేవుని చేత, నా దేశస్థుల చేత” అని చెప్పాలి. దేశస్థులంటే జ్యూరీ. అప్పుడు గుమాస్తా “దేవుడు నీకు మంచి విడుదల దయచేయును గాక” అనేవాడు. 1678లో ఒక ప్రభువు విచారణలో ‘కల్‌ప్రిట్’ ఇలా పిలుపుగా రికార్డుకెక్కింది. ఇంకా విచారణే మొదలు కాని మనిషికి ఇచ్చిన పిలుపు, పోను పోను తప్పు చేసినవాడు అనే అర్థానికి తిరిగిపోయింది.

మన భాషలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. అది మన కోర్టుల తెలుగులోకి వచ్చి ‘ముద్దాయి’ అయ్యేసరికి ఫిర్యాది కాస్తా బోనులోకి దిగాడు. పేపర్లు ఇప్పుడు ఎక్కువగా ‘నిందితుడు’ అని రాస్తున్నాయి. నిజానికి అదే సరైన మాట. నింద పడినవాడు అని మాత్రమే దాని అర్థం. దోషి అనాలంటే న్యాయస్థానం విచారించి చెప్పాలి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. “నాట్ గిల్టీ” అన్న మాట ఆ పాత కోర్టులో ఏ పని చేసిందో చూశాం కదా. దానికి వచ్చిన జవాబు “రుజువు చేయడానికి మేము సిద్ధం” అన్నది. అంటే ఖైదీ మాట “అయితే రుజువు చేయండి” అని విచారణ కోరడం. నేను ఏమీ చేయలేదు అని దేవుని ఎదుట ఒట్టు పెట్టడం కాదు. మన దేశంలోనూ నేరం చదివి వినిపించి అడిగేటప్పుడు ప్రమాణం చేయించరు. ఎవరినీ తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని మన రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. పైగా, బండి తగిలింది అన్నది ఒక సంగతి. అజాగ్రత్తగానో, ప్రమాదం తెచ్చే వేగంతోనో నడిపాడు అన్నది వేరే సంగతి. చట్టం అడిగే ‘గిల్టీ’లో ఈ రెండోది కూడా ఉంటుంది. తేల్చవలసింది అదే.

అయితే ఒకటి చెప్పాలి. తాగి నడిపిన సంగతి, ఫోను చూస్తూ నడిపిన సంగతి మన మనస్సాక్షికి తెలిసి ఉంటే, ‘రుజువు చేయండి’ అన్న మాట వెనక దాక్కోవడం విశ్వాసికి తగదు. లాయరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఏది ఒప్పుకోవాలో ఆయనతో కూర్చుని తేల్చుకోవాలి. కోర్టు ఏం చెప్పినా, దెబ్బ తగిలినవాళ్ల కోసం కన్నీటితో ప్రార్థించడానికి ఏ చట్టమూ అడ్డం రాదు.

అసలు ఏ మాటా చెప్పకుండా ఊరుకుంటే? ఆ కాలపు ఇంగ్లండులో దానికీ శిక్ష ఉంది, చాలా ఘోరమైనది. ఖైదీ గిల్టీ అనో నాట్ గిల్టీ అనో చెప్పి విచారణకు ఒప్పుకుంటే గాని పెద్ద నేరాల్లో విచారణ సాగేది కాదు. ఒప్పుకోనివాడిని నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మీద బరువులు పేర్చుతూ పోయేవారు. మాట్లాడేదాకా, లేకపోతే ప్రాణం పోయేదాకా. 1586 మార్చి 25న యార్కు పట్టణంలో మార్గరెట్ క్లిథరో అనే కసాయి భార్య ఇలాగే చనిపోయింది. నిషేధంలో ఉన్న కతోలిక గురువులను ఇంట్లో దాచిందని ఆమె మీద నేరం. విచారణ జరిగితే తన పిల్లలే తన మీద సాక్ష్యం చెప్పవలసి వస్తుందని ఆమె నోరు విప్పలేదు. 1692లో అమెరికాలోని సేలంలో, 80 ఏళ్లు దాటిన గైల్స్ కోరీ అనే రైతు చేతబడి నేరం మీద విచారణకు ఒప్పుకోక అలాగే ప్రాణం విడిచాడు. ఇంగ్లండులో మౌనంగా ఉండి చనిపోయినవారిలో కొందరికి మరో కారణం ఉంది. దోషి అని తీర్పు వస్తే ఆస్తి రాజుకు పోతుంది. తీర్పు లేకుండా చనిపోతే పిల్లలకు దక్కుతుంది. ఒక్క మాట చెప్పకుండా ఉండడానికి కొందరు తండ్రులు ఇచ్చిన వెల అది. 1772లో ఆ పద్ధతి తీసేశారు గానీ, మౌనాన్ని నేరం ఒప్పుకున్నట్టే లెక్కవేశారు. మౌనంగా ఉన్నవాడి తరఫున ‘నాట్ గిల్టీ’ అని కోర్టే రాసుకోవాలన్న పద్ధతి 1827లో వచ్చింది.

ఇక 51వ కీర్తన సంగతి.

12వ శతాబ్దంలో రెండవ హెన్రీ రాజుకూ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్‌కూ పెద్ద తగాదా నడిచింది. నేరం చేసిన గురువులను ఎవరు శిక్షించాలి, రాజు కోర్టా, సంఘపు కోర్టా? 1170 డిసెంబరు 29న రాజు తరఫు యోధులు నలుగురు బెకెట్‌ను దేవాలయంలోనే నరికి చంపారు. లోకమంతా రాజును తిట్టిపోసింది. చివరకు గురువులను సంఘపు కోర్టుకు అప్పగించడానికి రాజు ఒప్పుకోక తప్పలేదు. సంఘపు కోర్టులో ఉరిశిక్ష లేదు. రాజు కోర్టులో పెద్ద నేరాలకు ఉరే శిక్ష.

మరి ఎవరు గురువో తెలిసేదెలా? అప్పట్లో చదువు వచ్చినవారు ఎక్కువగా గురువులే. అందుకని చదివించి చూసేవారు. కాలక్రమంలో చదవగలిగిన మామూలు మనిషి కూడా గురువు కిందే లెక్క అయిపోయాడు. జ్యూరీ దోషి అని చెప్పాక, ఖైదీ నాకు ఆ హక్కు ఉంది అని అడిగితే, చేతికి కీర్తనల పుస్తకం ఇచ్చేవారు. సాధారణంగా ఇచ్చేది 51వ కీర్తన మొదటి వచనం, చాలాకాలం లాటిన్‌లో. పక్కన బిషప్పు తరఫు మనిషి ఉండేవాడు. జడ్జి అతన్ని “చదువుతున్నాడా?” అని లాటిన్‌లో అడిగేవాడు. “చదువుతున్నాడు” అంటే ప్రాణం దక్కినట్టే. “చదవడం లేదు” అంటే ఉరి. అందుకే ఆ వచనానికి జనంలో ‘మెడ వచనం’ అని పేరు పడింది.

అక్షరం రానివాళ్లు ఏం చేసేవారో మీరు ఊహించే ఉంటారు. కంఠతా పట్టేవారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఫరవాలేదు, ఒక్క వచనం తడబడకుండా చెప్పగలిగితే చాలు. తెలివైన జడ్జి వేరే పేజీ తెరిచి ఇస్తే మాత్రం పని అయిపోయినట్టే.

1489లో ఏడవ హెన్రీ కాలంలో దీన్ని కొంచెం బిగించారు. నిజంగా గురువు కానివాడికి ఈ దయ ఒక్కసారే. మళ్లీ రాకుండా గుర్తుకు ఎడమ బొటనవేలి మీద వాత పెట్టేవారు, హంతకుడికి ‘ఎమ్’, దొంగకు ‘టి’. నాటకాలు రాసిన బెన్ జాన్సన్ 1598లో ద్వంద్వ యుద్ధంలో గేబ్రియల్ స్పెన్సర్ అనే నటుణ్ణి చంపి, నేరం ఒప్పుకుని, వచనం చదివి, వేలి మీద వాతతో బయటపడ్డాడు. 1770లో అమెరికాలోని బోస్టన్‌లో జనం మీద కాల్పులు జరిపిన కేసులో ఇద్దరు బ్రిటిషు సైనికులకు కూడా ఈ హక్కుతోనే ప్రాణం దక్కింది. ఆడవాళ్లకు మాత్రం గురువులు కాలేరు కాబట్టి వందల ఏళ్లు ఈ అవకాశం లేదు. మగవాళ్లతో సమానంగా 1691లో ఇచ్చారు. ఒకే దొంగతనంలో మొగుడు వాతతో ఇంటికి, పెళ్లాం ఉరికి పోయే అవకాశం అంతవరకూ ఉంది. ఆ అన్యాయాన్ని ఏ గురువూ ఎందుకు గట్టిగా అడగలేదో నాకు అర్థం కాదు. 1706లో చదివించే పరీక్ష తీసేశారు, 1827లో ఆ హక్కునే రద్దు చేశారు.

ప్రియులారా, ఆ వచనం ఏమిటో ఒకసారి బైబిలు తెరిచి చూడండి. అది తప్పించుకునేవాడి మాట కానే కాదు. దావీదు ఊరియాను చంపించాక, నాతాను వచ్చి “ఆ మనుష్యుడవు నీవే” అన్న భావంతో వేలు చూపించాక, పలికినది. మొదటి రెండు వచనాలలోనే హెబ్రీలో మూడు మాటలు వరుసగా వస్తాయి. ‘పెషా’ అంటే తిరుగుబాటు, ‘ఆవోన్’ అంటే వంకరతనం, ‘హత్తాత్’ అంటే గురి తప్పడం. మన తెలుగు బైబిలు వాటికి అతిక్రమము, దోషము, పాపము అని మూడు వేరు వేరు మాటలు పెట్టింది. ఒకదాన్ని ఇంకొకదాని చాటున దాచలేదు. దావీదు విచారణ అడగలేదు, రుజువు చేయమనలేదు. ఒక హంతకుడైన రాజు ఒప్పుకోలును, ఇంకొక దేశంలో వేలమంది, ఒప్పుకోకుండానే గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి బయటపడ్డారు. నోటికి వచ్చిన వాక్యము వాళ్ల మెడను కాపాడింది. గుండెలోకి దిగిందో లేదో ఏ బిషప్పు మనిషీ చూడలేడు. సండేస్కూలులో పిల్లలు కంఠతా వచనాలు అప్పజెబుతుంటే ఈ మధ్య నాకు ఇదే గుర్తొస్తోంది.

ఇంగ్లీషువాళ్లు ఈ మాటలన్నీ మూట కట్టుకుని మన దేశానికి తెచ్చారు. మెకాలే ఆధ్వర్యంలో రాసిన ముసాయిదా మీద తయారైన శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమలుకు వచ్చింది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పేరు మారింది, సెక్షన్ల నంబర్లు మారాయి. కానీ 100వ సెక్షను ఇంగ్లీషు ప్రతిలో ‘కల్పబుల్ హోమిసైడ్’ అలాగే ఉంది. ఆ పాత గుమాస్తా ‘కల్’ అని కుదించి రాసుకున్న మాటే అది.

ప్రభువు బల్ల గురించి అడిగిన పెద్దాయనకు నా జవాబు: ఏ-3 అంటే నింద పడినవారిలో మూడో పేరు, అంతే. మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని నీకొదేము యోహాను 7వ అధ్యాయంలో అడిగిన ప్రశ్న మన సంఘానికీ వర్తిస్తుంది. ఆ సహోదరుడితో నేను కూర్చుని మాట్లాడాను. వచ్చే ఆదివారం బల్ల దగ్గర ఆయన ఉంటాడు.

దేవుని న్యాయస్థానంలో ఈ లెక్క వేరు. రోమా 3:19లో పౌలు వాడిన గ్రీకు మాట ‘హుపొదికోస్’ కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే వస్తుంది. అది అచ్చమైన కోర్టు మాట. చెప్పుకోవడానికి ఏమీ మిగలక తీర్పు కింద నిలబడినవాడు అని భావం. అక్కడ నోరు మూతపడేది బరువులు పేర్చినందుకు కాదు.

పిలాతు ముందు మన ప్రభువు కూడా నేరారోపణలకు జవాబివ్వలేదు. యోహాను సువార్తలో పిలాతు మూడుసార్లు, ఈయన మీద నాకు ఏ ‘అయితియా’ కనబడలేదు అన్నాడు. నేరారోపణకు ఆధారం అని ఆ గ్రీకు మాటకు అర్థం. మత్తయి 27:37 చూడండి. సిలువ మీద ఆయన తలకు పైగా రాసి పెట్టింది ఏమిటని చెప్పడానికి మత్తయి వాడింది కూడా ‘అయితియా’యే. లేదన్న దాన్నే పలక మీద రాయించారు. దాన్ని హెబ్రీలో, లాటిన్‌లో, గ్రీకులో, మూడు భాషల్లో రాశారని యోహాను చెబుతున్నాడు. ఆ స్థలం పట్టణానికి దగ్గర కాబట్టి, ఆ దారిన పోయినవాళ్లలో చాలామంది దాన్ని చదివారట.